మన పడవ, ఊరందరి నీళ్లు

పొద్దంతా చెరువు మీద తిరిగి, సాయంత్రం బోటును ట్రైలర్ మీదికి ఎక్కించి ర్యాంపు పైకి లాగినవాణ్ణి "బోటు అడుగు ప్లగ్ తీసి నీళ్లు దించావా?" అని అడిగి చూడండి. ఉత్తర టెక్సస్‌లో, అందులోనూ మన తెలుగువాళ్ల నోట, నాలుగు జవాబులు తయారుగా ఉంటాయి. "అన్ని లేకుల్లోకీ ఆ గుల్లలు ఎప్పుడో వచ్చేశాయి, ఇంక మనం దించితే ఎంత, దించకపోతే ఎంత?" "మనం ఆపితే మాత్రం బాతులు ఆగుతాయా?" "ఈ ఎండకి ఇల్లు చేరేలోపే ఆరిపోద్ది అన్నా, వదిలెయ్." "వేల బోట్లున్నాయి, మనదొక్కదాంతోనే కొంపలు మునుగుతాయా?"

ఇవన్నీ బద్ధకస్తుల సాకులని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ మాటలు అనేవాళ్లలో లెక్కలు బాగా తెలిసినవాళ్లున్నారు, పక్కింటి ముందు చెత్త కనబడితే తామే ఏరేసేవాళ్లున్నారు. నాలుగు జవాబుల్లోనూ ఎంతో కొంత నిజం కూడా ఉంది. ఆ నిజం ఎక్కడిదాకా నడిచి ఎక్కడ ఆగిపోతుందో చూపిస్తే తప్ప ఖండన పూర్తి కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విహారం ముగిసిన ప్రతిసారీ బోటులో నీళ్లు పూర్తిగా దించి ఆరబెట్టడం యజమాని అభిరుచికి వదిలేయదగ్గ శుభ్రత కాదు. అది బోటే లేని పొరుగువాడికి మనం తీర్చాల్సిన బాకీ. పై నాలుగు జవాబులూ ఆ పొరుగువాణ్ణి లెక్కలోకే తీసుకోవు.

ముందు ఆ గుల్లల సంగతి. జీబ్రా మసెల్స్ అనే ఈ చారల ఆల్చిప్పలు బొటనవేలి గోరంత ఉంటాయి. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం వైపు నీళ్లు వీటి పుట్టిల్లు. సరుకు లేని ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో చేరి అట్లాంటిక్ దాటాయి. 1988లో మిషిగన్, కెనడాల సరిహద్దులోని సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడ్డాయి. ఒక్కో ఆడగుల్ల ఏడాదికి పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. పిల్ల కొన్ని వారాల పాటు నీళ్లలో తేలుతూ తిరుగుతుంది. అప్పుడది కంటికి కనబడదు, చేతికి తగలదు. ఆ తర్వాత గట్టి చోటు చూసుకుని జిగురు పోగులతో అతుక్కుంటుంది. రాయి, ఇనుము, సిమెంటు, తోటి గుల్ల, ఏదైనా దానికి ఒకటే. 1989లోనే మిషిగన్‌లోని మన్రో పట్టణం నీటి గొట్టాలు వీటితో మూసుకుపోయి కుళాయిలు ఎండిపోయాయి.

బోటు అడుగున మిగిలిన చెంబెడు నీళ్లలో ఆ పిల్లలు ఉన్నాయో లేవో ర్యాంపు మీద నిలబడి ఎవరూ చెప్పలేరు. అందుకే 2014 జులై 1 నుంచి టెక్సస్ అంతటా అమల్లో ఉన్న నియమం గుల్లలు కనబడితే కడగమని చెప్పదు. మంచినీటి చెరువుకో నదికో వచ్చేటప్పుడూ, అక్కణ్ణుంచి వెళ్లేటప్పుడూ బోటులో ఉన్న నీళ్లన్నీ దించమంటుంది. మోటారున్న బోటుకీ, తెడ్డుతో నడిచే కయాక్‌కీ, జెట్ స్కీకీ ఒకటే మాట. తప్పితే 500 డాలర్ల దాకా జరిమానా. మినెసోటాలో అయితే ప్లగ్ తీసి ఉంచకుండా బోటును రోడ్డెక్కించడమే నేరం.

ఇప్పుడు పొరుగువాడి దగ్గరికి వద్దాం. టెక్సస్‌లో ఈ గుల్లలు మొదట 2009లో లేక్ టెక్సోమాలో కనబడ్డాయి. ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ ఊళ్లకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ అప్పటిదాకా టెక్సోమా నీళ్లను ఒక వాగులోకి తోడిపోసి, ఆ వాగు గుండా లేక్ లవాన్‌కు చేర్చేది. గుల్లలు బయటపడగానే పంపులు ఆపేయాల్సి వచ్చింది. డిస్ట్రిక్ట్ సరఫరాలో పావు వంతుకు పైగా నీళ్లు చేతికందకుండా పోయాయి. 2011 నాటి మహా కరువు కూడా ఈ మధ్యలోనే వచ్చిపడింది. చివరికి టెక్సోమా నీళ్లు ఏ చెరువునూ తాకకుండా నేరుగా వైలీ శుద్ధి కేంద్రానికి చేరేలా 46 మైళ్ల పైపులైను వేశారు. ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. 2014లో గానీ ఆ నీళ్లు మళ్ళీ ఊళ్లకు అందలేదు.

ఆ 30 కోట్లు బోటు యజమానుల దగ్గర వసూలు చేయలేదు. నీళ్లు వాడుకున్న ఊళ్లన్నీ నీటి ధరలో కలిపి కట్టాయి. ఫ్రిస్కోలో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటూ జన్మలో బోటెక్కని కుర్రాడూ కట్టాడు. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చి పెరట్లో కరివేపాకు మొక్కకు నీళ్లు పోసుకునే అమ్మమ్మ వాడిన నీళ్లకూ ఇంటివాళ్లు కట్టారు. ఈ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కర్లేదు. బోటు మనది, సరదా మనది, బిల్లు మాత్రం ఊరందరిదీ. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఆ నాలుగు జవాబులను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

"అన్ని చెరువుల్లోకీ వచ్చేశాయి" అన్నది మొదటిది. రాలేదు. టెక్సస్‌లో పెద్ద రిజర్వాయర్లు 180కి పైగా ఉన్నాయి. జీబ్రా మసెల్స్ పూర్తిగా స్థిరపడినవి ముప్పై పైచిలుకు. మన వారాంతాలు గడిచే టెక్సోమా, రే రాబర్ట్స్, లూయిస్‌విల్ చెరువులు ఆ ముప్పైలో ఉన్నాయి కాబట్టి లోకమంతా అలాగే ఉందనుకుంటున్నాం. తూర్పు టెక్సస్‌లో కొన్ని చెరువుల నీళ్లలో సున్నం పాలు తక్కువ, అక్కడ ఈ గుల్లలు బతకలేకపోవచ్చు. వాటిని పక్కన పెట్టినా కాపాడుకోవలసినవి ఇంకా చాలా ఉన్నాయి.

అసలు ఈ వాదన తలకిందులుగా నిలబడి ఉంది. గుల్లలు లేని చెరువు నుంచి వచ్చిన బోటు నీళ్లు దించకపోతే వచ్చే నష్టం తక్కువ. గుల్లలున్న చెరువు నుంచి వచ్చిన బోటు దించకపోతేనే ప్రమాదం. లూయిస్‌విల్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అని ప్లగ్ తీయనివాడు, ఏ కారణంగా తీయాలో దాన్నే తీయకపోవడానికి కారణంగా చెబుతున్నాడు. అంటువ్యాధి ఉన్న ఊళ్లో ఉన్నవాడే కదా పొరుగూరికి పోయే ముందు జాగ్రత్త పడాల్సింది!

పైగా ఒక బెడద వచ్చిన చెరువుకు రెండోది రాదన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు. హైడ్రిల్లా తీగ ట్రైలర్ ఇరుసుకు చుట్టుకుని ప్రయాణం చేస్తుంది. జెయింట్ సాల్వీనియా అనే నీటి ఫెర్న్ అనుకూలమైన రోజుల్లో వారానికల్లా రెట్టింపవుతుంది. టెక్సస్, లూసియానా సరిహద్దులో ఉన్న కాడో లేక్ దానితోనూ, మన గుర్రపుడెక్కతోనూ ఏళ్ల తరబడి పోరాడుతోంది. హైదరాబాద్ చెరువుల మీద గుర్రపుడెక్క పరుచుకోవడం చూస్తూ పెరిగినవాళ్లకు ఆ పోరాటం ఎలాంటిదో విడమరచి చెప్పాలా? 2024 అక్టోబరులో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ రేవులో గోల్డెన్ మసెల్ అనే కొత్త గుల్ల దొరికింది. ఉత్తర అమెరికాలో అది కనబడడం అదే మొదలు. జీబ్రా మసెల్ బతకలేనంత తక్కువ సున్నం ఉన్న నీళ్లలోనూ అది బతకగలదు. తూర్పు టెక్సస్ చెరువులకు ఇప్పటిదాకా ఉన్న ఆ ఒక్క రక్షణా దాని ముందు పనిచేయదు.

ఇక వచ్చాక తీసేయవచ్చు కదా అనేవాళ్లకు లేక్ వేకో కథ చెప్పాలి. 2014లో అక్కడ గుల్లలు కనబడగానే నీటి అడుగున పెద్ద పెద్ద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, కింద ఉన్నవాటికి ఊపిరాడకుండా చేశారు. ఏళ్ల తరబడి పరిశీలించి, పోయాయని ప్రకటించారు. అలా వదిలించుకున్న చెరువు అరుదు. 2021లో ఆ చెరువులోనే మళ్ళీ కనబడ్డాయి. అంత శ్రమా ఎవరి వల్ల వమ్మయిందో పేరు పెట్టి చెప్పలేం. ఆ గుల్లలు మాత్రం ర్యాంపు మీదుగానే వచ్చి ఉంటాయన్నది నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారమేమిటంటారా? రెండో జవాబు, బాతుల సంగతి చూడండి. బాతు కాళ్లకూ ఈకలకూ అంటుకుని ఒకటీ అరా పిల్ల పక్క గుంటలోకి పోవచ్చు, కాదనను. కానీ బాతులు ఈ ఖండం మీద 1988కి ముందూ ఎగిరాయి, తర్వాతా ఎగిరాయి. వాటి పుణ్యమే అయితే గుల్లలు వలస దారుల వెంట, బాతులు దిగే మడుగులన్నిటిలో ముందు కనబడాలి. జరిగింది అది కాదు. దాదాపు ఇరవై ఏళ్లు రాకీ పర్వతాలు దాటని ఈ గుల్లల కుటుంబం 2007 జనవరిలో ఒక్క గంతు వేసి, లాస్ వెగాస్ పక్కన లేక్ మీడ్‌లో తేలింది. అక్కడ దొరికింది దీని దాయాది క్వాగా మసెల్. దొరికిన చోటు ఏ నిర్మానుష్యమైన మడుగో కాదు, బోట్లు కట్టే మరీనా.

మన దగ్గరి లెక్కా ఇంతే. టెక్సోమా రెడ్ రివర్ మీద ఉంది. రే రాబర్ట్స్ ట్రినిటీ నది పరీవాహకంలో ఉంది. 2012లో రే రాబర్ట్స్‌లో గుల్లలు కనబడ్డాయి, మరుసటి ఏడాది దానికి దిగువనున్న లూయిస్‌విల్‌లో కనబడ్డాయి. రే రాబర్ట్స్ నుంచి లూయిస్‌విల్‌కు నీటితో పాటు జారిపోయి ఉంటాయి, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఒక నది నుంచి ఇంకో నదికి మిట్ట ఎక్కి దిగడం నీటివల్ల కాదు. టెక్సోమా, రే రాబర్ట్స్‌ల మధ్య రోజూ తిరిగేవి బాతులే కాదు, ట్రైలర్లూ ఉన్నాయి. బాతు ఈకల మధ్య పట్టేది బొట్టు నీరు. అలలు లేపే వేక్‌బోటు బరువు కోసం నింపుకునే బాలస్ట్ ట్యాంకుల్లో పట్టేవి వందల గ్యాలన్లు. పంపు తోడడం ఆపేశాక కూడా అడుగున కొన్ని గ్యాలన్లు మిగులుతాయి. బాతును మనం ఆపలేకపోవడం నిజమే. బాతును ఆపలేం కాబట్టి ట్యాంకు దించనక్కర్లేదనడం ఏ తర్కం?

మూడో జవాబు ఎండ. టెక్సస్ ఎండ మీద నాకూ గౌరవం ఉంది. జులైలో డెక్కు మీద పడ్డ నీళ్లు గంటలో ఇగిరిపోతాయి. సీటు కిందా, బోటు అడుగు బిల్జ్‌లోనూ, చేపలు వేసే లైవ్‌వెల్ గొట్టంలోనూ, జెట్ స్కీ పంపులోనూ ఉన్న నీళ్లకు ఆ ఎండ తగలదే! వాటి మీద మూత ఉంటుంది, మూత మీద బోటు కవరు ఉంటుంది, కవరు మీద గ్యారేజీ కప్పు ఉంటుంది. లేక్ మీడ్ బోట్లలో మిగిలిపోయే నీళ్లలో క్వాగా పిల్లలు ఎన్నాళ్లు బతుకుతాయో పరిశోధకులు పరీక్షించారు. వేసవి వేడిలో సుమారు అయిదు రోజులు. శరదృతువు చల్లదనంలో సుమారు 27 రోజులు. అంటే అక్టోబరులో ఒక చెరువు నీళ్లు మోసుకొచ్చిన బోటు నవంబరులో ఇంకో చెరువులో దిగినా ఆ పిల్లలు ప్రాణాలతోనే ఉండవచ్చు. అయిదు రోజులు ఆరనివ్వమని అధికారులు చెప్పే మాట కూడా, ముందు నీళ్లన్నీ దించేశాక లెక్కపెట్టాల్సిన అయిదు రోజులు. దించకుండా ఎండ మీద భారం వేయడం గంజి వార్చకుండా అన్నం పొడిపొడిగా ఉండాలని కోరుకోవడమే.

దించకపోతే బోటుకు వచ్చే చేటు వేరే ఉంది. ఫైబర్‌గ్లాస్ లోపలి ప్లైవుడ్ నాని కుళ్లుతుంది, సీట్ల కింద బూజు పడుతుంది. 2021 ఫిబ్రవరిలో డాలస్ ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినప్పటి వణుకు ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. అలాంటి రాత్రి ఇంజన్ బ్లాకులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇనుము పగులుతుంది. కానీ దీని మీద నేను ఎక్కువ మాట్లాడను. తన బోటు కుళ్లబెట్టుకునే స్వేచ్ఛ ఎవరికైనా ఉంది. నా పేచీ అల్లా ఇతరుల నీళ్ల గురించే.

నాలుగోది, "మనదొక్కటే కదా". నాలుగింటిలోకీ గట్టి వాదన ఇదే. టెక్సస్‌లో నమోదైన బోట్లు అయిదు లక్షలకు పైమాటే. అందులో ఒక్క బోటు దించితే లోకం మారుతుందా? పైగా వందమందిలో ఒక్కడు ఎగ్గొట్టినా మిగతావాళ్ల కష్టమంతా గంగలో పోసినట్టే కదా?

కాదు. గుల్లలు స్థిరపడడం దీపం స్విచ్ వేసినట్టు జరగదు. ఒక్క బోటు తెచ్చిన పిల్లల్లో చాలా మటుకు ఆ మహా జలరాశిలో చెదిరి చచ్చిపోతాయి. బతికి బట్టకట్టినవాటికీ దగ్గర్లో జత ఉండాలి, ఎందుకంటే ఇవి అండాలనూ వీర్యాన్నీ నీళ్లలోకే వదులుతాయి. ఎన్నిసార్లు, ఎన్నెన్ని వచ్చి పడ్డాయన్న దాన్ని బట్టి చెరువు అదృష్టం తేలుతుంది. కాబట్టి తొంభైమంది దించి పదిమంది ఎగ్గొడితే ఆ తొంభైమంది శ్రమ వృథా కాదు. వచ్చిపడే పిల్లలు తగ్గిన కొద్దీ ముప్పు తగ్గుతుంది, వచ్చినా ఏళ్లు ఆలస్యమవుతుంది. ఒక ఊరి నీటి శాఖకు ఆ ఏళ్లంటే గొట్టాలకు రక్షణ ఏర్పాటు చేసుకునే వ్యవధి. "మనదొక్కటే" అన్న మాట ఎటు తిప్పినా మనకే తగులుతుంది. మనదొక్కటి దించినా ఒక దారి మూసుకుంటుంది.

చిన్న పడవ ఏం చేస్తుందిలే అనేవాళ్లకు మన విశాఖపట్నం ఒక సాక్ష్యం. జీబ్రా మసెల్ కుటుంబానికే చెందిన మైటిలాప్సిస్ సాలై అనే ఉప్పునీటి గుల్ల 1967లో విశాఖ రేవులో కనబడింది. దాని సొంతూరు అమెరికా ఖండాల ఉష్ణమండల తీరం. మన తీరానికి రావడానికి ఓడ తప్ప మరో వాహనం లేదు. రేవులో అది స్థిరపడిపోయింది. అదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలో డార్విన్ నగరపు మరీనాల్లో తేలింది. అక్కడ కట్టి ఉన్నవాటిలో విహారానికి తిరిగే సొంత పడవలు చాలా ఉన్నాయి. మరీనాల తూములు మూసి, లోపలి నీళ్లలో క్లోరిన్, రాగి సల్ఫేటు కలిపి, గుల్లలతో పాటు నీళ్లలో ఉన్న ప్రాణులన్నిటినీ చంపేశారు. గేట్లున్న మరీనాలు కాబట్టి, తొందరగా కనిపెట్టారు కాబట్టి గెలిచారు. తలుపుల్లేని చెరువుకూ, పారే నదికీ ఆ అదృష్టం ఉండదు. 2023లో ఐడహోలో ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నదిలో క్వాగా పిల్లలు కనబడితే నదిలో రాగి మందు కలిపారు. చేపలు కూడా చచ్చాయి. ఏడాది తిరిగేసరికి పిల్లలు మళ్ళీ కనబడ్డాయి, మళ్ళీ మందు కలిపారు.

ఎదుటివాళ్ల మాటల్లో నేను ఒప్పుకునేవీ ఉన్నాయి. అద్దెకు పాంటూన్ బోటు తీసుకుని కేకు కోసుకునేవాళ్ల జోలికి నేను పోవడం లేదు, ఆ బోటు ఆ చెరువు దాటదు. ఒకే చెరువులో ఒక ర్యాంపు నుంచి ఇంకో ర్యాంపుకు అదే రోజు వెళ్లేవాడికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. శనివారం ఒక చెరువు, ఆదివారం ఇంకొకటి అనుకునేవాడికి అయిదు రోజులు ఆరబెట్టడం కుదరదన్నదీ నిజమే. వాడికి రెండే మార్గాలు. రెండు రోజులూ ఒకే చెరువుకు వెళ్లాలి. లేదా మధ్యలో 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లతో, ఆ నీళ్లు తిరిగి చెరువులోకి పారని చోట, బోటును లోపలా బయటా కడగాలి. ర్యాంపుల దగ్గర వేడినీళ్ల కడుగుడు ఏర్పాట్లు చాలినన్ని లేవు. ఆ ఫిర్యాదులో నేనూ గొంతు కలుపుతాను. కానీ సర్కారు గొట్టం పెట్టలేదన్నది మన చేత్తో ప్లగ్ తీయకపోవడానికి సమాధానం కాదు.

మరో భయం నిజంగా పెద్దమనుషుల్లోనే ఉంది. ప్లగ్ తీస్తే మళ్ళీ పెట్టడం మరిచిపోయి, ర్యాంపు దిగుతూనే బోటు నీళ్లు తాగుతుందని. జరుగుతుంది కూడా. దానికి విరుగుడు ప్లగ్ తీయకపోవడం కాదు, తీసిన ప్లగ్‌ను ఇగ్నిషన్ తాళంచెవికి కట్టేయడం. చెవి తిప్పకుండా బోటు కదలదు, చెవి పట్టుకుంటే ప్లగ్ చేతికొస్తుంది.

మిగతా పని పది నిమిషాలది. ర్యాంపు పైకి వచ్చాక దారికి అడ్డం కాకుండా పక్కన ఆపి, బోటు ముక్కు ఎత్తుగా ఉండేలా చూసి ప్లగ్ లాగాలి. మోటారును పూర్తిగా కిందికి వాల్చి అందులో నీళ్లు కారిపోనివ్వాలి. లైవ్‌వెల్, ఎర బకెట్, ఐసుపెట్టె ఒంపేయాలి. బాలస్ట్ పంపు నడిపి ట్యాంకు ఖాళీ చేయాలి. ఇరుసుకూ లంగరు తాడుకూ చుట్టుకున్న నాచు పీకి పడేయాలి. ఇంటికొచ్చాక కవరు వెంటనే కప్పకుండా, మూతలన్నీ తెరిచి, లైఫ్ జాకెట్లు దండెం మీద వేసి, లోపలి తడి తువ్వాలుతో అద్ది ఆరనివ్వాలి. గాలి తీసి మడతపెట్టే కయాక్ ఉన్నవాళ్లు మడతల్లో తడి ఉండగా మడవకూడదు.

మన సంఘాల పిక్నిక్కుల్లో, చెరువు గట్టు మీద బార్బెక్యూ పొయ్యిల దగ్గర, బోటున్న స్నేహితుణ్ణి పొగిడేవాళ్లే ఎక్కువ. ఇకమీదట బోటెక్కించుకున్నందుకు థాంక్స్ చెప్పే ముందు ప్లగ్ సంగతి అడగండి. నీటి బిల్లు కట్టే మనిషిగా ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంది, నొచ్చుకునే హక్కు ఆయనకు లేదు. బోటు యజమానులకు నా మాట ఇంతే. ఇంకో చెరువు పాడైతే వేయాల్సిన పైపులైను ఖర్చు మీరొక్కరే భరించే రోజు వస్తే, అప్పుడు కూర్చుని వాదిద్దాం, దించాలా వద్దా అని. ఆ ఖర్చు ఊరందరి మీదా పడుతున్నంత కాలం ఇందులో మీ ఇష్టాయిష్టాలకు చోటు లేదు. ప్లగ్ తీయండి.